ఓడ లేని యాత్ర: బాసర నుంచి కాళేశ్వరం దాకా గోదారి గట్టు విశేషాలు

మధ్యధరా సముద్రంలో తిరిగే విహార నౌకలకు ఒక పద్ధతి ఉంది. రాత్రంతా ప్రయాణం, తెల్లారేసరికి ఒక రేవు. చివిటవెక్కియాలో దిగితే రోము, నేపుల్స్‌లో దిగితే పాంపే, కటాకొలోన్‌లో దిగితే ఒలింపియా, కుషదాసిలో దిగితే ఎఫెసస్. పొద్దంతా పాత రాళ్ల మధ్య తిరిగి చీకటి పడేవేళకు మళ్లీ ఓడెక్కుతారు. అలాంటి యాత్రకు లక్షలు ఖర్చు పెట్టే స్తోమత అందరికీ ఉండదు. ఉన్నవాళ్లు తప్పకుండా వెళ్లి చూడాలి. కానీ ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల మధ్య గోదావరి కూడా అలాంటి దారే. రేవు రేవుకూ ఒక శిథిలం, ఒక తొలి, ఒక ఏకైక విశేషం. ఓడ మాత్రం లేదు. గట్టు వెంట బస్సో బండో పట్టుకుని దిగువకు సాగిపోవాలి.

నది సంగతే ముందు చెప్పుకోవాలి. త్రయంబకేశ్వరం దగ్గర పుట్టి 1465 కిలోమీటర్లు పారే గోదావరి దేశంలో గంగ తర్వాత అతి పొడవైనది, దక్షిణాదిలో దానికి సాటి నదే లేదు. మంజీర, హరిద్ర వచ్చి కలిసే కందకుర్తి దగ్గర తెలంగాణలో అడుగుపెడుతుంది. అక్కడి నుంచి కొద్ది దూరంలోనే బాసర.

స్టీమర్ల కోసం ఏళ్ల తరబడి పని

ఈ నదిలో ఓడలు నడపాలని ఎవరూ అనుకోలేదా అంటే, గట్టిగానే అనుకున్నారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక సర్ ఆర్థర్ కాటన్ చూపు ఎగువ గోదావరి మీద పడింది. నాగపూర్, బేరార్ ప్రాంతాల పత్తిని వార్ధా, ప్రాణహిత, గోదావరుల మీదుగా పడవల్లో కోస్తాకు దించాలన్నది ఆలోచన. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై లాంకషైర్ మిల్లులకు పత్తి కరువు రావడంతో ఆ ఆలోచనకు బలం చేకూరింది. అడ్డమల్లా రాళ్లే. నదిలో మూడు చోట్ల పెద్ద రాతి అడ్డంకులు ఉన్నాయి. భద్రాచలం ఎగువన దుమ్ముగూడెం మొదటిది, ఇంచంపల్లి రెండోది, ప్రాణహిత మీద దేవల్‌మర్రి మూడోది. ఆనకట్టలు, పక్క కాలువలు, లాకులు కట్టి పడవల్ని ఆ రాళ్ల మీదుగా దాటించాలని పనులు మొదలుపెట్టారు. కాళేశ్వరానికి ఎదురుగట్టున ఉన్న సిరోంచ అప్పట్లో ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యస్థానం.

1867లో నాగపూర్‌కు రైలు వచ్చేసింది. పత్తి నేరుగా బొంబాయి వైపు మళ్లింది. నీళ్లు నిండుగా ఉండే నెలలు ఎలాగూ కొన్నే. 1871లో పనులు ఆపేశారు. దుమ్ముగూడెంలో ఆ కట్టడాలు ఇప్పటికీ చూడవచ్చు. కాటన్‌ను ఆనకట్టలు కట్టిన మనిషిగానే తలుచుకుంటాం. ఆయన మనసులో నది అంటే సాగునీరూ, రాదారీ రెండూనని నాకు ఈ పనుల వల్లే తెలిసివచ్చింది.

బాసర నుంచి బాదన్‌కుర్తి దాకా

బాసరలో జ్ఞాన సరస్వతి సన్నిధిలో అక్షరాభ్యాసం చేయించని తెలుగు కుటుంబాలు తక్కువ. వ్యాసుడు నది ఇసుక తెచ్చి అమ్మవారిని నిలిపాడన్నది స్థలపురాణం. దిగువన పోచంపాడు దగ్గర శ్రీరామసాగర్ ప్రాజెక్టుకు 1963 జులై 26న నెహ్రూ శంకుస్థాపన చేశారు. గేట్లు 42. 112 టీఎంసీలు పట్టేలా కట్టిన ఈ జలాశయం పూడిక చేరి 80 టీఎంసీలకు దగ్గరపడింది. నీళ్ల లెక్కే కాదు, ఎగువ నేల ఎంత కొట్టుకొస్తోందో కూడా ఈ అంకె చెబుతుంది.

దక్షిణపు గట్టుకు కొంచెం లోపల నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉంది. యూరప్, అరబ్ దేశాలవారు అబ్బురపడిన డమాస్కస్ కత్తుల వెనుక ఇలాంటి దక్కన్ ఊళ్ల ఉక్కే ఉంది. ఇనుమును మట్టి మూసల్లో పెట్టి, మూతి మూసి, కొలిమిలో గంటల తరబడి కరిగించి, నిదానంగా చల్లార్చేవారు. 1820 ప్రాంతంలో భూగర్భ పరిశీలకుడు హెన్రీ వాయిసీ ఇక్కడికి వచ్చినప్పుడు, ఈ ఉక్కు కొనడానికి వచ్చిన పర్షియా వ్యాపారిని చూశాడు. మధ్యధరా తీరానికి మన పల్లెల నుంచి ఒక దారి అప్పటికే పడి ఉందన్నమాట. నిర్మల్ బొమ్మల గురించి అందరూ రాస్తారు, అందుకని ఇక్కడ ఆగడం లేదు.

ఖానాపూర్ దగ్గర నది చీలి మధ్యలో నిలబెట్టిన ద్వీపం బాదన్‌కుర్తి. బౌద్ధుల సుత్తనిపాతంలో గోదావరి గట్టున అస్సక దేశంలో బావరి అనే ఋషి ఉన్నాడనీ, తన పదహారు మంది శిష్యుల్ని బుద్ధుడి దగ్గరికి పంపాడనీ ఉంది. ఆ ఆశ్రమం ఇక్కడేనని చెప్పే చరిత్రకారులు ఉన్నారు. పదహారు మహాజనపదాల్లో వింధ్యకు దక్షిణాన ఉన్నది ఒక్క అస్సకమే.

ఇటలీ నమూనా కోట జగిత్యాలలో

ఫిరంగులు వచ్చాక గుండ్రటి బురుజుల కాలం చెల్లింది. గుండ్రటి బురుజు ఎదుట, పైనున్న కాపలావాడికి కనిపించని చాటు కొంత మిగిలిపోతుంది. శత్రువు అక్కడికి చేరితే ఇక ఆపలేరు. బురుజును బాణపు మొనలా ముందుకు పొడుచుకొచ్చేట్టు కడితే ఒక మొన మీది ఫిరంగి పక్క మొన గోడను కాపాడుతుంది. ఇటలీలో రూపుదిద్దుకున్న ఈ పద్ధతిలో కట్టిన కోట పైనుంచి చూస్తే నక్షత్రంలా ఉంటుంది. జగిత్యాల ఖిల్లా అలాంటిదే. 18వ శతాబ్దంలో ధంసా అనే పాలకుడి హయాంలో ఫ్రెంచి ఇంజనీర్ల చేత కట్టించిన ఈ కోటకు చుట్టూ కందకం ఉంది, ఫిరంగులూ ఉన్నాయి. తెలంగాణ కోటల్లో చాలావరకు గుట్టల మీదే. ఇది మాత్రం చదును నేల మీద లెక్కలు వేసి గీసినట్టు నిలబడింది.

దగ్గర్లోనే ధర్మపురి. యముడికి గుడి ఉండటమే అరుదు, ఇక్కడ బ్రహ్మకు కూడా పూజలున్నాయి. నరసింహ శతకం రాసిన శేషప్ప కవిది ఈ ఊరే.

చక్రవర్తి పేరు పలికిన నాణెం

వెల్గటూర్ మండలంలో పెద్దవాగు గోదావరిలో కలిసేచోట కోటిలింగాల ఉంది. ఈ యాత్రలో ఒక్క రేవులోనే దిగడానికి సమయం ఉంటే నేను ఇక్కడే దిగమంటాను.

శాతవాహన వంశానికి మూలపురుషుడు సిముకుడని పురాణాలు చెప్పాయి. మహారాష్ట్రలోని నానేఘాట్ గుహలో అతడి విగ్రహం ఉన్న చోటికి పైన పేరు చెక్కి ఉంది. కానీ అతడు నిజంగా ఎక్కడ ఏలాడో చూపించే నాణెం ఏదీ చాలాకాలం దొరకలేదు. కోటిలింగాల నేలలో అది దొరికింది. చిముక శాతవాహనుడి పేరున్న నాణేలు మొదట బయటపడింది ఇక్కడే. ఆ లిపిని చదివి లోకానికి చెప్పినవారిలో పి.వి. పరబ్రహ్మశాస్త్రి ముఖ్యులు. ఈ చిముకుడు వంశస్థాపకుడైన సిముకుడేనని చాలామంది పండితుల మాట. 1979 నుంచి 1983 దాకా వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో తవ్వకాలు జరిగాయి. మట్టికోట గోడ, ఇటుక కట్టడాలు, బావులు బయటపడ్డాయి.

శాతవాహనుల కంటే ముందు ఇక్కడ ఏలిన గోభద్ర, నారన, కంవాయ, సిరివాయ, సామగోపల నాణేలు దొరకడం మరో విశేషం. ఏ పురాణమూ ఏ శాసనమూ గుర్తుంచుకోని ఆ రాజులు నాణేల మీద మాత్రమే మిగిలారు. ఒక పట్టణంలో ఒకరి తర్వాత ఒకరు తమ పేరుతో నాణెం వేయించుకున్నారంటే అప్పటికే అక్కడ సంత, సుంకం, రాత తెలిసిన గుమాస్తాలు అన్నీ ఉన్నట్టే.

ఎఫెసస్‌ను చూసినవాళ్లకు ఒక సంగతి తెలుసు. ఒకప్పుడు అది రేవు పట్టణం. నది తెచ్చిన ఒండ్రుతో రేవు పూడి, సముద్రం కిలోమీటర్ల దూరం వెనక్కి పోయి, ఊరు ఎండిపోయింది. కోటిలింగాలకు దానికి తలకిందుల కష్టం వచ్చింది. శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు వెనుక నీళ్లు ఈ పాత పట్టణం మీదికి ఎగదన్నాయి. పంటకూ ఇంటికీ నీళ్లు కావాలి, అందులో వాదన లేదు. తవ్విన భాగం కొద్దిగా, తవ్వనిది చాలా ఎక్కువగా ఉన్న చోట నీళ్లు నిలవడం చూస్తే మాత్రం గుండె కలుక్కుమంటుంది.

ప్లినీ చెప్పిన ముప్పై ఊళ్లు

క్రీ.శ. 79లో వెసూవియస్ పేలి పాంపేను పూడ్చిపెట్టినప్పుడు, ఆ తీరంలోనే ప్రాణాలు వదిలిన రోమన్ పండితుడు పెద్ద ప్లినీ. ఆంధ్రులకు గోడలూ బురుజులూ ఉన్న పట్టణాలు ముప్పై ఉన్నాయనీ, లక్ష మంది కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు ఉన్నాయనీ రాసిపెట్టింది ఆయనే. చంద్రగుప్త మౌర్యుడి కొలువుకు వచ్చిన మెగస్తనీస్ రాతల నుంచి ఆయన ఈ లెక్క తీసుకున్నాడని భావిస్తారు. పాంపే వీధుల్లో నడిచే తెలుగువాళ్లు ఈ మనిషిని ఒక్కసారి తలుచుకుంటే బాగుంటుంది.

ఆ ముప్పైలో ఒకటిగా చరిత్రకారులు చూపించే ఊరు పెద్దపల్లి జిల్లా ధూళికట్ట. మట్టికోట గోడ, ఊరి బయట బౌద్ధ స్తూపం, దానికి తాపిన సున్నపురాతి పలకలు ఇక్కడి సంపద. ఒక పలక మీద పడగ విప్పిన ముచలింద నాగుడు ఉన్నాడు. బుద్ధుడు ధ్యానంలో ఉండగా వాన పడితే గొడుగు పట్టిన నాగరాజు ఆయన. బుద్ధుడి రూపం చెక్కని తొలినాళ్ల శిల్పంలో ఆ పడగ నీడే ఆయన ఉనికికి గుర్తు. దగ్గర్లోని పెద్దబంకూరులో కమ్మరి కొలుములు, ఇటుక బావులు, శాతవాహన నాణేలతో పాటు రోమన్ నాణేలు కూడా దొరికాయి.

మూడు భాషల బండ

ఇక్కడి నుంచి గట్టు వదిలి లోపలికి పోవాలి. రోము చూడాలన్నా చివిటవెక్కియా నుంచి 80 కిలోమీటర్లు పోవాల్సిందే కదా. గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట ఉంది. నిలువు బండ మీద జైన తీర్థంకరులు, చక్రేశ్వరీ దేవి బొమ్మలు, వాటి కింద సంస్కృతం, కన్నడం, తెలుగు మూడింటిలోనూ చెక్కిన శాసనం. సుమారు క్రీ.శ. 945 నాటిది. చెక్కించినవాడు జినవల్లభుడు. కన్నడ ఆదికవి పంపడు అతడి అన్న. వేములవాడ చాళుక్య రాజు రెండో అరికేసరి కొలువులో ఉండి 941లో విక్రమార్జున విజయం రాసిన పంపడికి ధర్మపురం అగ్రహారంగా దక్కిన సంగతి ఈ బండ చెబుతుంది. త్రిభువన తిలక బసది, కవితాగుణార్ణవ చెరువు, మదనవిలాస తోట కట్టించిన వివరాలూ ఉన్నాయి.

తెలుగు భాగంలో మూడు కంద పద్యాలున్నాయి. ఇప్పటిదాకా దొరికిన తొలి తెలుగు కందాలు ఇవే. నన్నయ భారతానికి సుమారు వందేళ్లు ముందువి. కందం అంటే బడిపిల్లలకు కూడా తెలిసిన పద్యం, దాని అతి పాత ఆనవాలు ఆరుబయట ఎండకూ వానకూ నిలబడి ఉంది. చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల పేలుళ్లు జరుగుతున్న సీమ ఇది. ఈ గుట్టకు రక్షణ కోరుతూ చరిత్ర ప్రియులు ఏళ్లుగా గొంతెత్తుతూనే ఉన్నారు. వాళ్ల పక్షాన నేనూ ఉన్నాను.

అదే వంశపు రాజు బద్దెగుడిది ఇంకో రికార్డు. 42 యుద్ధాలు గెలిచి ఓటమి ఎరుగనివాడిగా సోలదగండ బిరుదు పొందాడు. వేములవాడలో అతడి పేరిట కట్టిన శివాలయం ఉంది.

ఎండ కాచే నీళ్లు, మొసళ్ల మడుగులు

మళ్లీ నది దగ్గరికి వస్తే రామగుండం. ఇక్కడి ఎన్టీపీసీ రిజర్వాయరు నీళ్ల మీద తేలుతూ 100 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం ఉంది. 2022లో పూర్తయ్యేనాటికి దేశంలో అదే పెద్దది. దిగువన మంథని, మంచిర్యాల మధ్య శివ్వారం అభయారణ్యంలో మగ్గర్ మొసళ్లు నది మడుగుల్లో బతుకుతున్నాయి. విస్తీర్ణం 36 చదరపు కిలోమీటర్లే.

ఒక పానవట్టం, రెండు లింగాలు

ప్రాణహిత గోదావరికి అతి పెద్ద ఉపనది. వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహిత అవుతాయి. అది గోదావరిని చేరేచోట కాళేశ్వరం. ఒకే పానవట్టం మీద యముడి పేర కాళేశ్వరుడు, శివుడి పేర ముక్తేశ్వరుడు, రెండు లింగాలు. శ్రీశైలం, ద్రాక్షారామంతో కలిపి త్రిలింగ క్షేత్రాల్లో ఇది ఒకటి. 2022లో ప్రాణహిత పుష్కరాలు, 2025 మే నెలలో సరస్వతి పుష్కరాలు ఇక్కడే జరిగాయి. 2027లో గోదావరి పుష్కరాలు.

ఆ దిగువన మేడిగడ్డ బ్యారేజీ, 85 గేట్లు. 2019 జూన్ 21న ప్రారంభమైన కాళేశ్వరం ఎత్తిపోతలను ప్రపంచంలోనే అతి పెద్ద బహుళ దశల ఎత్తిపోతల పథకంగా చెప్పారు. 2023 అక్టోబరులో అందులో భాగమైన ఈ మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాయి.

అన్నిటికంటే పాత శిథిలం

శాతవాహనులు రెండు వేల ఏళ్ల కిందటివాళ్లు. ప్రాణహిత గట్టున మంచిర్యాల జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలు జురాసిక్ యుగం తొలినాళ్లవి, అంటే కోట్ల ఏళ్ల నాటివి. పొడవైన మెడతో నాలుగు కాళ్ల మీద నడిచే రాక్షసిబల్లుల్లో ఒక తొలితరం జాతివి ఆ ఎముకలు. భూగర్భ శాస్త్రవేత్త పి. యాదగిరి 1988లో దీనికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. ఒక మారుమూల పల్లె పేరు ప్రపంచ శాస్త్ర గ్రంథాల్లో ఇలా నిలిచిపోయింది. నదికి అవతల సిరోంచ వైపు 1960 ప్రాంతంలో ఇంకో జాతి దొరికింది. రవీంద్రుడి శతజయంతి గుర్తుగా దానికి బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు.

కోటసారస్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో, బారాపాసారస్ కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో నిలబడి ఉన్నాయి. యామన్‌పల్లి పిల్లలు తమ ఊరి పేరు మోస్తున్న జీవిని చూడాలంటే రాజధాని దాకా పోవాలి. పుష్కరాలకు లక్షల మంది ఈ దారిన వచ్చేలోగా చెన్నూరులోనో కోటపల్లిలోనో దాని నిలువెత్తు నమూనా ఒకటి, కోటిలింగాల నాణేల ప్రతిరూపాలు కొన్ని పెడితే చాలు, ఈ యాత్రకు ఒక మంచి మజిలీ ఏర్పడుతుంది.