కరెంటు పెట్టించుకున్న పదేళ్ళకు

పత్తికొండ వైపు ఒక ఇల్లాలికి పదేళ్ళ క్రిందట గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సరు వచ్చిందనుకుందాం. కర్నూలు పెద్దాసుపత్రిలో కిరణచికిత్స చేశారు. జనం దాన్నే 'కరెంటు పెట్టడం' అంటారు గాని, వంటికి విద్యుత్తు ఏమీ తగలదు సుమండీ! జబ్బు నయమైంది. వేరుశనగ చేలో కలుపు తీసింది, కూతురి పెళ్ళి చేసింది. ఒకనాటి ఉదయం మూత్రంలో నెత్తురు కనిపించింది.

పాత జబ్బు తిరగబెట్టిందని ఆమె గుండె గుభేలుమంటుంది. ఇంట్లోవాళ్ళు వేడి చేసిందని మజ్జిగ, సబ్జా గింజలు ఇస్తారు. ఇద్దరూ పొరబడి ఉండవచ్చు.

మూత్రాశయం ఉండేది ముఖద్వారానికి ముందే, గోడకు గోడ ఆనుకుని. 1898లో క్యూరీ దంపతులు రేడియం కనుగొన్న తర్వాత ఎన్ని మేలైన యంత్రాలు వచ్చినా, కిరణాలు ఆ పొరుగింటికి బొత్తిగా తగలకుండా చూడడం సాధ్యం కాలేదు. గోడలోని సన్నని రక్తనాళాలు కొద్దికొద్దిగా పూడుకుపోతాయి, గోడ బిరుసెక్కుతుంది, సులువుగా చిట్లే కొత్త నాళాలు పుడతాయి. నెత్తురు పడడం కొన్ని నెలలకు కావచ్చు, ఇరవై ఏళ్ళకూ కావచ్చు. తీవ్రంగా వచ్చేది కొద్దిమందికే.

అంతకంటె అరుదుగా మూత్రాశయానికీ యోనికీ నడుమ రంధ్రం పడుతుంది. రాత్రింబగళ్ళు మూత్రం కారుతూనే ఉంటుంది. ఆమె పేరంటాలకు పోవడం మానేస్తుంది, కారణం తోడబుట్టిన అక్కకు కూడా చెప్పదు.

మరీ అరుదైనది ఇంకొకటి. ఏ దెబ్బా తగలకుండానే మూత్రాశయం చిల్లిపడి, మూత్రం కడుపులోకి చేరుతుంది. నొప్పి, ఉబ్బరం, మూత్రం తగ్గిపోవడం. ఆ మూత్రం మళ్ళీ రక్తంలోకి ఇంకి, పరీక్షలో క్రియాటినిన్ పెరిగి, మూత్రపిండాలు చెడినట్లు కనిపిస్తుంది. పాత చికిత్స సంగతి తెలియని డాక్టరు పొరబడితే ఆయన్ని ఏమనగలం? అడిగినా అడగకపోయినా, "అయ్యా, నాకు ఫలానా ఏట కరెంటు పెట్టినారు" అని తానే చెప్పాలి. పెట్టెలో చీరల అడుగున దాచిన కాగితాలు తీసి చూపాలి.

డాక్టరు గొట్టంతో మూత్రాశయం లోపల చూసి, పాత జబ్బు లేదని తేల్చుకుంటారు. ముక్క తీసి పరీక్షించాలన్నా జంకుతారు. కిరణాలు తగిలిన గోడలో గాయం మానక రంధ్రమయ్యే ప్రమాదముంది. గడ్డకట్టిన నెత్తురు కడిగేస్తారు. కొందరిని ఒత్తిడి పెంచిన గదిలో ఉంచి ప్రాణవాయువు పీల్పిస్తారు; 30, 40 పర్యాయాలు కూర్చోవలసి ఉంటుంది. రంధ్రానికి శస్త్రచికిత్స ఉంది. అక్కడి కండ తొందరగా అతకదు గనుక, తొడ నుంచో కడుపు నుంచో ఆరోగ్యమైన కండ తెచ్చి మాటు వేస్తారు. ఈ పని అన్ని ఆసుపత్రులలో జరిగేది కాదు. కర్నూలు, కడప జిల్లాల వాళ్ళు ఏ హైదరాబాదుకో, వేలూరుకో మూట కట్టుకోవలసి రావచ్చు.