బస్తర్ నేర్పిన పరీక్షా పాఠం

ఐదు, ఎనిమిది తరగతుల్లో తప్పిన పిల్లలను అదే తరగతిలో నిలిపివేయవచ్చునంటూ కేంద్ర ప్రభుత్వం 2024 డిసెంబరులో విద్యాహక్కు నిబంధనలను సవరించింది. ఎనిమిదో తరగతి వరకు ఎవరినీ ఆపరాదని 2009లో శాసించిన పార్లమెంటే, పదేళ్లు తిరగకముందే, 2019 జనవరిలో ఆ కట్టు సడలించింది. తప్పినవారికి అదనపు బోధన, రెండు నెలల్లోగా మరొక పరీక్ష. అప్పటికీ గట్టెక్కకపోతే పాత తరగతే గతి. పరీక్ష భయం లేనిదే చదువు సాగదన్న అభిప్రాయం రాజధానిలో బలపడింది. దీనిని కరోనా కాలపు అనుభవంతో ఒకసారి సరిచూడడం అవసరం.

2021 జూన్‌లో సి.బి.ఎస్.ఇ. పన్నెండో తరగతి పరీక్షలు రద్దయ్యాయి. ఇంటర్ పరీక్షలు జరిపి తీరుతామన్న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, ఒక్క ప్రాణం పోయినా బాధ్యత మీదేనని సుప్రీంకోర్టు హెచ్చరించిన మీదట వెనక్కి తగ్గింది. ఛత్తీస్‌గఢ్ మూడో దారి తొక్కింది. ప్రశ్నపత్రమూ, జవాబు పుస్తకమూ విద్యార్థుల చేతికే ఇచ్చి, ఇంట్లో రాసి ఐదు రోజుల్లో తెచ్చి ఇమ్మన్నది. ఉత్తీర్ణత 97.43 శాతం! అంతకు ముందు ఏడు 78.59. పరీక్షలు మళ్లీ కేంద్రాలకు చేరిన 2022లో 79.30.

ఒక్క ఏడాదికి పెరిగిన తెలివి మరుసటి ఏడాదికి హరించుకుపోలేదు కదా! మారింది పిల్లలు కాదు, కొలిచిన తీరు. అయితే 97 అబద్ధమైతే 79 నిజమా? ఆ రాష్ట్రపు దక్షిణపు అంచున, మన భద్రాచలం, ములుగు అడవులను ఆనుకొని ఉన్న బస్తర్‌ను చూస్తే ఆ నమ్మకమూ నిలవదు.

బడులు మూతపడిన 2020లో ఆ ప్రభుత్వం 'పఢయీ తుంహర్ దువార్' పేరిట, అనగా చదువు మీ గుమ్మంలోకే అంటూ, ఆన్‌లైన్ బోధన ప్రారంభించింది. సెల్‌ఫోన్ సిగ్నల్ లేని అడవి పల్లెకు అది అందలేదు. అప్పుడు బస్తర్ జిల్లా భాట్‌పాల్‌లో లౌడ్‌స్పీకర్లు కట్టి పాఠాలు వినిపించారు. బోధన పిల్లవాడిని వెతుక్కుంటూ వెళ్లింది. పరీక్ష మాత్రం అలా వెళ్లలేదు. ఇంట్లో గోండీ, హల్బీ, దోర్లీ మాట్లాడే బిడ్డ జవాబు హిందీలో రాయాలి. గోండీ మన తెలుగుకు చుట్టమైన ద్రావిడ భాష. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో దానికి చోటు లేదు. లెక్క రాక తప్పాడో, ప్రశ్న అర్థంకాక తప్పాడో ఏ మార్కుల పట్టికా చెప్పదు.

అసలు పట్టికకే ఎక్కని పిల్లల మాట వేరు. 2020 ఏప్రిల్‌లో, ములుగు జిల్లా మిరప తోటల్లో కూలికి వచ్చిన బీజాపూర్ జిల్లా బాలిక ఒకతె, లాక్‌డౌన్‌లో వాహనాలు లేక కాలినడకన ఇంటికి బయలుదేరి, ఇల్లు కొద్ది మైళ్ల దూరంలో ఉండగా ప్రాణం విడిచింది. ఆమె వయస్సు 12. బడిలో ఉండవలసిన ప్రాయం. ఢిల్లీలోనో, హైదరాబాదులోనో పిల్లవాడు ఒక తరగతి తప్పితే ట్యూషన్ పెట్టిస్తారు. బస్తర్‌లో తప్పిన బిడ్డకు మిరప తోట దారి తెరిచే ఉంటుంది.

అందరినీ పై తరగతికి నెట్టివేయడమే దయ అనుకోవడమూ పొరపాటే. 2021లో పదో తరగతి పరీక్ష లేకుండానే అందరూ ఉత్తీర్ణులయ్యారు. దానితో ఎవరికి ఏమి రాదో తెలుసుకొనే అవకాశమూ పోయింది. కొలత కావలసిందే. అది ఏడాది పొడుగునా, బిడ్డ భాషలో, నోటిమాటగానూ జరగాలి. దాని ఫలితం పిల్లవాడిపై తీర్పు కావడానికి బదులు ఉపాధ్యాయుడికి మరుసటి రోజు పాఠం కావాలి. బట్టీని గాక అవగాహనను పరీక్షించాలనీ, వీలైనచోట ఐదో తరగతి వరకైనా ఇంటి భాషలో బోధించాలనీ 2020 జాతీయ విద్యావిధానమే చెప్పింది. ఆ రెండో పని ముగించకుండా, ఐదో తరగతి పిల్లవాడిని నిలిపివేసే అధికారం మాత్రం ముందుగా చేతికి తీసుకోవడం ఏ న్యాయం?