భయానికి బొమ్మ

చెన్నపట్నంలో చిత్రకళ నేర్చుకుంటున్న మన సంఘంవారి కుర్రవాడొకడు ఈ మధ్య ఇంటికి ఒక బొమ్మ తెచ్చాడు. ఎవరికి ఏది భయమో దానినే గీయమన్నారట తరగతిలో. తక్కినవారు చీకటిని, పాములను గీస్తే, ఇతడు తాతగారి మంచం గీశాడు. మంచం ఖాళీ, ప్రక్కన మరచెంబు. తాతగారు జబ్బుగా ఉన్నారు గాని, ఉన్నారు! తల్లి చూచి, "అశుభంరా, అవతల పెట్టు" అని కంట నీరు పెట్టుకున్నది.

ఆమెను తప్పు పట్టలేము. అయినా మాకు నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ ముంక్ గుర్తుకు వచ్చాడు. 1868లో, అతని అయిదో ఏట, తల్లి క్షయతో పోయింది. 1877లో 15 ఏళ్ల అక్క సోఫీ అదే జబ్బుతో పోయింది. తానూ చిన్నతనంలో నెత్తురు కక్కి బ్రతికినవాడే. 1881లో చిత్రకళా పాఠశాలలో చేరి, 1885-86లో 'జబ్బుపడిన పిల్ల'ను వేశాడు: దిండుకు ఆనుకున్న ఎర్రజుట్టు పిల్ల, ప్రక్కన తల వాల్చేసిన స్త్రీ. రంగు పూయడం, గీకివేయడం, మళ్లీ పూయడం. ఆ గీట్లు నేటికీ కనబడతాయి. 1886 ప్రదర్శనలో జనం ఎగతాళి చేశారు. అతడు మాత్రం నలభై ఏళ్లలో అదే దృశ్యాన్ని మొత్తం 6 సార్లు తైలవర్ణాలలో వేశాడు. భయం తీరిందా అంటే, తీరితే ఆరోసారి ఎందుకు? కాని కంటికెదురుగా నిలబెట్టి చూడగలిగాడు.

మన కుర్రవాడి బొమ్మ బీరువా వెనుకకు పోయింది. తాతగారే అడిగి తెప్పించుకున్నారట. చాలాసేపు చూచి, "మరచెంబుకు మూత వేయలేదేమిరా?" అన్నారట.