మీకు తెలుసా? తప్పెటగుళ్లకన్నా ప్రకటనకే మోత ఎక్కువ!

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తప్పెటగుళ్లు టీవీలో వస్తున్నాయనుకోండి. ఛాతీకి కట్టుకున్న తప్పెట మీద దెబ్బ పడగానే స్టూడియోలో ధ్వని మీటరు పైకంటా లేచి, మరుక్షణం పడిపోతుంది. వెంటనే సబ్బు ప్రకటన. మీటరు అదే ఎత్తు దాటదు. ఇంట్లో మాత్రం ‘సౌండు తగ్గించండ్రా’ అని కేకలు! ఎంత పైకి లేచిందన్నదే కాదు, ఎంతసేపు అక్కడే ఉందన్నదీ చెవి చూసుకుంటుంది మరి. ప్రకటనలు చేసేవాళ్లు కంప్రెసర్‌తో హెచ్చుతగ్గులను నొక్కేసి, గుసగుసను కూడా కేక పక్కన కూర్చోబెడతారు. పాత మీటరుకు ఈ కిటుకు చిక్కేది కాదు.

దీన్ని పట్టడానికే అంతర్జాతీయ టెలికాం సమాఖ్య 2006లో ‘బీఎస్ 1770’ అనే కొలత తెచ్చింది. మంద్రపు గుమ్మును తగ్గించి, పైస్థాయి ధ్వనిని కాస్త పెంచి, దాదాపు చెవి విన్నట్టే లెక్కగట్టి సగటు తీస్తుంది. 2010లో యూరప్ ప్రసార సంఘం ఆ సగటు మైనస్ 23 ఎల్‌యూఎఫ్‌ఎస్ (ఈ కొలతకు యూనిట్) ఉండాలంది. డిజిటల్ ధ్వనికి సున్నాయే పైకప్పు కాబట్టి మైనస్ అన్నమాట. అమెరికాలో మైనస్ 24. అక్కడ ప్రకటనల మోతపై ఏకంగా చట్టమే చేశారు. 2012 డిసెంబరు 13 నుంచి అమలు.

సగటే కదా, మధ్యలో మౌనం చొప్పించి మిగతాదంతా అరిచేద్దామంటే కుదరదు. జముకుల కథలో కథకుడు ఊపిరి తీసుకునే ఖాళీల్లాంటివి లెక్కలోకే రాకుండా ఆ కొలతను 2011లో సవరించారు.

ప్రకటనల సంగతి అలా ఉంచితే, పైడితల్లి సిరిమానోత్సవం లాంటి ప్రత్యక్ష ప్రసారంలో మిక్సింగ్ మరీ కత్తిమీద సాము. జనం హోరు ఆగదు, వ్యాఖ్యాత మాట దానిమీద తేలాలి. ముందు మాటను ఒక స్థాయిలో నిలబెట్టుకుని, హోరునూ డప్పునూ దాని కిందికి సర్దుకోవడమే పద్ధతి.

మరి ప్రకటనల మోత సంగతి మన దేశంలో? 1994 నాటి కేబుల్ టెలివిజన్ నిబంధనల్లో 7(6) ప్రకారం ప్రకటన శబ్దం మితిమీరకూడదు. ఎంతైతే మితిమీరినట్టో ఆ వాక్యంలో అంకె లేదు. అంకె రాయనంతకాలం అది మ్యూట్ మీటపాటి పని కూడా చేయదు.