వరుస పెరిగితే లెక్కా పెరగాలి

అప్పు దేశ స్థూల ఉత్పత్తిలో 90 శాతం దాటితే సంపన్న దేశాల సగటు వృద్ధి మైనస్ 0.1 శాతానికి పడిపోతుంది. హార్వర్డ్ ఆర్థికవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ 2010లో ప్రచురించిన పత్రంలోని ఈ అంకెను ప్రభుత్వ ఖర్చులు తగ్గించాలనే రాజకీయ నాయకులు పదేపదే ఉదహరించారు. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం ఆమ్‌హర్స్ట్ విద్యార్థి థామస్ హెర్న్‌డన్ ఆ లెక్కను మళ్లీ చేసి చూశాడు. ఎంత ప్రయత్నించినా అంకె కలవలేదు. చివరికి రచయితలనే అడిగి వారి ఎక్సెల్ ఫైలు తెప్పించుకున్నాడు.

సగటు కట్టే ఫార్ములా ఎల్30 గడి నుంచి ఎల్49 వరకు, అంటే 20 దేశాలను చదవాలి. అది ఎల్44 దగ్గరే ఆగిపోయింది. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్ లెక్కలోకే రాలేదు. నిజానికి ఈ పొరపాటు వల్ల వచ్చిన తేడా 0.3 శాతం పాయింట్లే. కొన్ని సంవత్సరాల వివరాలను వదిలేయడం, దేశాలకు ఇచ్చిన ప్రాధాన్యం అంతకన్నా పెద్ద కారణాలని హెర్న్‌డన్, అతని ఆచార్యులు మైఖేల్ ఆష్, రాబర్ట్ పాలిన్ తేల్చారు. అన్నీ సరిచేస్తే వారికి వచ్చిన సగటు 2.2 శాతం. ఫార్ములా తప్పును రచయితలు ఒప్పుకున్నారు. అధిక అప్పుకు, మందగించిన వృద్ధికి సంబంధం ఉందన్న మాటపై మాత్రం నిలబడ్డారు.

ఫార్ములాలో చిరునామాను చేత్తో రాస్తే అది రాసిన చోటే ఉంటుంది. కింద కొత్త వరుసలు చేరినా దానికి తెలియదు. అందుకే ఎక్కడిదాకా చదవాలో ఫార్ములానే తెలుసుకునే ఏర్పాట్లు స్ప్రెడ్‌షీట్లలో వచ్చాయి. అలాంటి వాటిలో ఒకటి ఆఫ్‌సెట్. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎన్ని వరుసలు తీసుకోవాలి అన్నది దీనికి చెప్పాలి. ఆ రెండో సంఖ్యను మనం ఇవ్వకుండా, అంకెలున్న గడులను లెక్కపెట్టే కౌంట్‌కు అప్పగిస్తే జాబితాతో పాటు పరిధీ పెరుగుతుంది.

ఇక్కడా ఒక గోతి ఉంది. బడిలో పిల్లలు రోజూ వర్షమాపకం చూసి మిల్లీమీటర్లు నమోదు చేస్తున్నారనుకుందాం. వాన పడని రోజు సున్నా రాయకుండా గడిని ఖాళీగా వదిలేస్తే కౌంట్ దాన్ని లెక్కపెట్టదు. నాలుగు ఖాళీలుంటే పరిధి నాలుగు వరుసలు కురచవుతుంది, నెలాఖరు వాన మొత్తంలో కలవదు. హార్వర్డ్ ఫైలులో జరిగింది కూడా దాదాపు ఇదే, కారణం వేరు.

ఇండైరెక్ట్ తీరు మరో రకం. ఒక ఇంటికి వెళ్లి అడిగితే, అక్కడున్న చీటీలో మరో ఇంటి చిరునామా రాసి ఉన్నట్టు. నెలకో షీటు ఉండి, ప్రతిదానిలో 31 రోజుల మొత్తం బి33లో ఉందనుకోండి. సారాంశం షీటులో ఒక గడిలో 'జూలై' అని రాస్తే, ఆ మాటకు బి33 జోడించి ఇండైరెక్ట్ జూలై మొత్తాన్ని తెస్తుంది. మాటను 'ఆగస్టు'గా మారిస్తే అంకె మారుతుంది. పన్నెండు ఫార్ములాల పని ఒక్కదానితో అయిపోతుంది.

అయితే ఆ చిరునామా వట్టి అక్షరాలే. జూలై షీటులో ఎవరైనా పైన శీర్షిక కోసం ఒక వరుస చేర్చారంటే మొత్తం బి34కు జరుగుతుంది. మామూలు ఫార్ములా అయితే దానితో పాటే జరిగేది. ఇండైరెక్ట్ మాత్రం బి33నే చదువుతుంది, అక్కడ ఇప్పుడున్నది జూలై 31 నాటి వాన! షీటు పేరు మార్చితే తప్పు సంకేతం కనిపిస్తుంది కాబట్టి అది కాస్త నయం. ఇక్కడ ఏ హెచ్చరికా రాదు.

పైగా ఆఫ్‌సెట్, ఇండైరెక్ట్ రెండూ షీటులో ఎక్కడ ఏది మారినా మళ్లీ లెక్కించుకుంటాయి. వేల గడుల్లో వాడితే ఫైలు బరువెక్కి నెమ్మదిస్తుంది. పరిధి చివరను ఇండెక్స్‌తో చూపిస్తే ఈ భారం చాలావరకు తప్పుతుంది. రోజువారీ పనికి అంత కూడా అక్కర్లేదు. ఎక్సెల్‌లో జాబితాను టేబుల్‌గా మార్చుకుంటే కింద చేర్చిన వరుస దానంతటదే పరిధిలో కలుస్తుంది.

ఏ పద్ధతి వాడినా సగటు పక్క గడిలో ఒక కౌంట్ రాసుకోవడానికి నిమిషం పట్టదు. ఆ సగటులో ఎన్ని అంకెలు కలిశాయో అది అక్కడే చూపిస్తుంది.