విజ్ఞానశాస్త్ర యుగంలో తత్త్వశాస్త్రం అవసరమా? – గోదావరి వరద హెచ్చరిక ఆధారంగా ఒక పరిశీలన

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• విజ్ఞానశాస్త్రం జవాబు చెప్పగల ప్రశ్నకూ, తత్త్వశాస్త్రం చర్చించవలసిన ప్రశ్నకూ ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.
• అనుమాన ప్రమాణంపై వచ్చిన ఆక్షేపణను, దానికి న్యాయ దర్శనం ఇచ్చిన సమాధానాన్ని వివరించగలుగుతారు.
• శాస్త్రీయ నిర్ణయాలలో ఇమిడి ఉన్న విలువలను విడదీసి చూపగలుగుతారు.

1. పరిచయం

ఒకప్పుడు ప్రకృతి గురించిన విచారణ అంతా తత్త్వశాస్త్రంలో భాగమే. 1687లో న్యూటన్ తన మహాగ్రంథానికి పెట్టిన పేరులో కూడా ‘ప్రకృతి తత్త్వశాస్త్రం’ అన్న మాటే ఉంది. తరువాతి కాలంలో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు, చివరకు మనోవిజ్ఞానశాస్త్రం కూడా వేరుపడ్డాయి. అందువల్ల ‘పిల్లలందరూ వేరు కాపురాలు పెట్టుకున్నాక ఆ ఇంట్లో ఇంకేం మిగిలింది?’ అని కొందరు అడుగుతారు. 2010లో వెలువడిన ‘ద గ్రాండ్ డిజైన్’ గ్రంథంలో స్టీఫెన్ హాకింగ్, లియొనార్డ్ మ్లోడినోవ్‌లు ఇంకా ముందుకు వెళ్లి, ఆధునిక భౌతికశాస్త్ర ప్రగతిని అందుకోలేక తత్త్వశాస్త్రం కాలం తీరిపోయిందన్నారు.

ఈ ప్రశ్నను గాలిలో చర్చించడం కంటే మనకు తెలిసిన ఒక ఉదాహరణతో పరిశీలించడం మేలు. గోదావరి వరద అటువంటి ఉదాహరణ.

2. తెలుసుకోవడం అంటే ఏమిటి?

ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది జారీ చేస్తారు. ఎగువన భద్రాచలం వద్ద నమోదైన మట్టాన్ని బట్టి ధవళేశ్వరానికి ఎంత నీరు రాబోతోందో ఇంజనీర్లు ముందుగానే అంచనా వేస్తారు. ఇది విజ్ఞానశాస్త్రం చేసే పని. ఎంత ధ్యానించినా తత్త్వవేత్త ఈ అంకెను చెప్పలేడు.

అయితే ఇంకా రాని నీటి గురించి ‘మనకు తెలుసు’ అని ఏ ఆధారంతో అంటున్నాం? ఆశ్చర్యకరమైన విషయం ఏమిటంటే, సుమారు రెండు వేల ఏళ్ల నాటి న్యాయ దర్శనం ఈ ప్రశ్నను నది ఉదాహరణతోనే చర్చించింది. ఉప్పొంగిన నదిని చూసి ఎగువన వాన కురిసిందని ఊహించడం అనుమాన ప్రమాణానికి నైయాయికులు ఇచ్చిన ప్రసిద్ధ ఉదాహరణ. దీనిపై వచ్చిన ఆక్షేపణను న్యాయసూత్రాలే పేర్కొన్నాయి: ప్రవాహానికి అడ్డుకట్ట పడినా నది పొంగవచ్చు కదా? అప్పుడు వాన కురిసిందన్న అనుమానం తప్పవుతుంది. కాబట్టి అనుమానాన్ని ప్రమాణంగా ఎలా అంగీకరించాలి?

నైయాయికుల సమాధానం గమనించదగినది. కేవలం పొంగడం హేతువు కాదు. వాన వల్ల వచ్చిన వరదకు వడి ఉంటుంది. అది నురుగును, ఆకులను, పండ్లను, కట్టెలను మోసుకొస్తుంది. ఈ విశేషాలతో కూడిన పొంగే సరైన హేతువు. తప్పు అనుమాన ప్రమాణానిది కాదు, హేతువును సరిగా నిర్ణయించుకోని మనిషిది. వరదను స్వయంగా చూసినవారికి ఈ వివరణ కొత్తగా అనిపించదు.

అయినా సమస్య పూర్తిగా తీరలేదు. నిన్నటివరకు కనిపించిన సంబంధం రేపు కూడా ఉంటుందని ఎలా చెప్పగలం? చార్వాకులు ఈ సందేహాన్నే లేవనెత్తారు. 18వ శతాబ్దంలో డేవిడ్ హ్యూమ్ కూడా దీన్ని లోతుగా చర్చించాడు. దీనినే ఆగమన సమస్య అంటారు. ప్రయోగాలు ఎన్ని చేసినా ఈ సమస్య తీరదు. ఎందుకంటే ప్రతి ప్రయోగమూ ఆ నమ్మకంపైనే ఆధారపడి ఉంది.

3. అంకెలో దాగిన విలువ

ఇప్పుడు 11.75 అడుగులు అనే అంకెను మళ్లీ చూడండి. నీరు 11.75 అడుగులు ఉన్నదనడం కొలత. ఆ మట్టం దగ్గర జనాన్ని హెచ్చరించాలనడం నిర్ణయం. మరీ తక్కువ మట్టానికే హెచ్చరిస్తే పదేపదే వృథా శ్రమ కలిగి, ప్రజలు హెచ్చరికలను పట్టించుకోవడం మానేస్తారు. ఆలస్యం చేస్తే ప్రాణాలు పోతాయి. ఈ రెండు పొరపాట్లలో ఏది ఎక్కువ ఘోరమైనదో తేల్చుకోకుండా ఎవరూ హద్దు గీయలేరు.

అమెరికన్ తత్త్వవేత్త రిచర్డ్ రడ్నర్ 1953లో ఈ వాదాన్ని స్పష్టంగా ప్రతిపాదించాడు. ఏ పరికల్పనకూ నూటికి నూరుపాళ్లు రుజువు ఉండదు కనుక, ఎంత రుజువు చాలు అన్నది పొరపాటు జరిగితే కలిగే నష్టాన్ని బట్టి ఉంటుందని ఆయన వాదన. ఆ నష్టం అందరికీ ఒకటి కాదు. మెట్ట ప్రాంతమైన కోరుకొండలో గోదావరి హెచ్చరిక సాధారణంగా ఒక వార్త. కోనసీమ లంకల్లో అదే హెచ్చరిక వస్తే పశువులను గట్టెక్కించాలి, పిల్లలనూ ముసలివాళ్లనూ పడవ ఎక్కించాలి. హద్దు ఎక్కడ గీయాలో నిర్ణయించేటప్పుడు ఎవరి నష్టాన్ని ముందుగా లెక్కలోకి తీసుకోవాలన్నది నీతిశాస్త్ర ప్రశ్న.

4. ఎవరి మేలు, ఎవరి త్యాగం?

పోలవరం ప్రాజెక్టులో ఈ ప్రశ్న మరింత తీవ్రంగా కనిపిస్తుంది. పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, విద్యుదుత్పత్తి సామర్థ్యం 960 మెగావాట్లు అని ఇంజనీరింగ్ శాస్త్రం చెప్పగలదు. ఏ మట్టానికి ఏ గ్రామం మునుగుతుందో కూడా చెప్పగలదు. కాని కూనవరం, వరరామచంద్రపురం వంటి మండలాల్లోని కోయ, కొండరెడ్డి కుటుంబాలు తమ ఊళ్లను విడిచిపెట్టడం న్యాయమా, ఏ షరతులపై న్యాయమవుతుంది అన్నవి ఏ పరికరమూ కొలవలేని ప్రశ్నలు.

బెంథామ్, మిల్‌ల ఉపయోగితావాదం ప్రకారం మొత్తం మీద ఎక్కువ మేలు కలిగించే పని సరైనది. సాగునీరు, తాగునీరు అందుకునే లక్షల మందిని లెక్కించాలి. జాన్ రాల్స్ 1971లో ప్రచురించిన ‘ఎ థియరీ ఆఫ్ జస్టిస్’లో మరో పరీక్ష సూచించాడు: మీరు డెల్టా రైతుగా పుడతారో, ముంపు గ్రామంలో పుడతారో తెలియనప్పుడు ఏ నియమానికి ఒప్పుకుంటారు? ఆ దృష్టితో చూస్తే పునరావాసాన్ని ప్రాజెక్టు ఖర్చులో ఒక పద్దుగా మాత్రమే చూడలేం. ప్రాజెక్టు న్యాయబద్ధమా కాదా అన్నదే దానిపై ఆధారపడుతుంది.

5. ఆక్షేపణ, సమాధానం

‘తత్త్వవేత్తలు ఎప్పటికీ ఏకాభిప్రాయానికి రారు కదా, వారి వల్ల ఏం ప్రయోజనం?’ అని అడగవచ్చు. ఏకాభిప్రాయం కుదరకపోయినా ప్రశ్న మాత్రం మాయం కాదు. చర్చించకపోతే దానికి ఎవరో ఒకరు మౌనంగా జవాబు నిర్ణయించేస్తారు. ఆ జవాబు లెక్కల పట్టికలో అంకెగా మారి, ప్రశ్నకు అతీతమైనదిగా చలామణి అవుతుంది. ఇక తత్త్వశాస్త్రం కాలం తీరిందన్న వాక్యం సంగతి. దాన్ని ఏ దూరదర్శినితోనూ పరీక్షించలేం. జ్ఞానం అంటే ఏమిటన్న వాదన చేయకుండా దాన్ని సమర్థించడం సాధ్యం కాదు. ఆ వాదన తత్త్వశాస్త్రమే.

అయితే తత్త్వశాస్త్రానికీ హద్దు ఉంది. వాస్తవాలను అది కనిపెట్టలేదు. వాటిని పక్కనపెట్టి చేసే తత్త్వవిచారణ ఉత్త మాటల పోగు. వరద అంచనా తెలియకుండా వరద గురించిన న్యాయాన్యాయాలు మాట్లాడలేం.

6. సారాంశం

విజ్ఞానశాస్త్రం ప్రపంచం ఎలా ఉందో చెబుతుంది. ఆ జ్ఞానానికి ఆధారం ఏమిటి, దానితో ఏం చేయడం న్యాయం అన్నవాటిని తత్త్వశాస్త్రం పరిశీలిస్తుంది. విజ్ఞానం మన చేతికి ఇచ్చే శక్తి పెరిగే కొద్దీ రెండవ ప్రశ్న బరువు కూడా పెరుగుతుంది.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. నది ఉప్పొంగడం అనే ఉదాహరణపై వచ్చిన ఆక్షేపణ ఏమిటి? నైయాయికులు దానికి ఏమని సమాధానమిచ్చారు?
2. ప్రమాద హెచ్చరిక మట్టాన్ని నిర్ణయించడంలో కొలతను, విలువను విడదీసి వివరించండి.
3. మీ ప్రాంతంలో ఇటీవల తీసుకున్న ఒక సాంకేతిక నిర్ణయాన్ని ఎంచుకొని, అందులోని నీతిశాస్త్ర ప్రశ్నను పది వాక్యాలలో రాయండి.