కృతజ్ఞత, డీసీ సిగ్నల్, హాస్టల్ గేటు కుక్క

మన ఇళ్ళల్లో ఎవరైనా "ధన్యవాదాలు" అనగా విన్నారా? కాఫీ ఇచ్చిన అమ్మకి ఆ మాట చెప్తే "ఏట్రా, ఒంట్లో బాలేదా?" అంటుంది. అది వందన సమర్పణ చేసేవాళ్ళ మాట, మైకు ముందు మాత్రమే బతుకుతుంది. ఇంట్లో మనం "నీ పుణ్యమా అని గట్టెక్కాను" అంటాం, "ఉప్పు తిన్న విశ్వాసం" అంటాం. ఆ విశ్వాసం లేనివాణ్ణి తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడంటాం. తమాషా ఏంటంటే, విశ్వాసం అనగానే మనకి గుర్తొచ్చేది మనిషి కాదు, కుక్క.

పుస్తకాల మాట కృతజ్ఞత. కృతం అంటే చేసినది, జ్ఞ అంటే తెలిసినవాడు. తనకి జరిగిన మేలు తెలిసి ఉన్నవాడు కృతజ్ఞుడు, అంతే. పైకి చెప్పాలని ఆ మాటలో ఎక్కడా లేదు, తెలియాలనే ఉంది. అసలు కష్టమంతా ఆ తెలియడం దగ్గరే.

ఎందుకు కష్టమో ఈసీఈ వాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పొచ్చు. మన మనసు హై పాస్ ఫిల్టర్. సిరీస్‌లో కెపాసిటర్ పెడితే మారే సిగ్నల్ దాటుతుంది, మారకుండా నిలకడగా ఉండే డీసీ ఆగిపోతుంది. చేతికి వాచీ పెట్టుకున్న కాసేపటికి అది ఉన్నట్టే తెలీదు కదా, అలాగన్నమాట. బ్రిక్‌మన్, క్యాంప్‌బెల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1971లోనే ఈ సంగతి రాశారు. ఎంత సంతోషమైనా కొన్నాళ్ళకి అలవాటైపోతుంది, మళ్ళీ మొదటికే వస్తాం. సీటొచ్చిన రోజు స్వీట్లు పంచినవాళ్ళమే, రెండో సెమిస్టర్‌కల్లా మెస్ సాంబారు మీద పిటిషన్ రాస్తున్నాం.

డీసీ కూడా వినపడాలంటే అది ఒక్కసారి పోవాలి. వైజాగ్‌కి అది బాగా తెలుసు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు మనలో చాలామందిమి చిన్న క్లాసుల్లో ఉన్నాం. గంటకి 180 కిలోమీటర్లు పైబడిన గాలి. తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, కొళాయిలో నీళ్ళు లేవు, ఫోన్లో సిగ్నల్ లేదు. ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి, తుపాను గురించి ఎంత చెప్తారో మొదటిసారి ఫ్యాన్ తిరిగిన రాత్రి గురించీ అంతే చెప్తారు. ఇక చెట్లు. కైలాసగిరి, కంబాలకొండ, యూనివర్సిటీ రోడ్లు... నీడ అనేది ఒకటి ఉండేదని అవి పడిపోయాకే ఊరికి తెలిసింది.

కృతజ్ఞత కోసం ఏటా ఒక తుపాను కోరుకోలేం కదా! ఎమన్స్, మెకల్లో అనే పరిశోధకులు చవకైన దారి ఒకటి ప్రయత్నించి 2003లో ఫలితాలు అచ్చువేశారు. కొంతమంది విద్యార్థుల్ని వారానికోసారి, తమకి మేలు అనిపించిన అయిదు సంగతుల దాకా రాయమన్నారు. ఇంకొంతమందిని చికాకులు రాయమన్నారు. పది వారాల తర్వాత, మేలు రాసినవాళ్ళే తమ జీవితం గురించి మెరుగ్గా చెప్పారు, వ్యాయామం కూడా ఎక్కువ చేశారు. డైరీ అంటే మనకి ల్యాబ్ రికార్డ్ గుర్తొచ్చి పారిపోతామనుకోండి, అది వేరే సంగతి.

డైరీ రాయనివాళ్ళకి హాస్టల్ గేటు దగ్గర ఒక కుక్క ఉంటుంది. మా దగ్గరున్నదాన్ని సీఎస్ఈ వాళ్ళు బగ్ అంటారు, మెకానికల్ వాళ్ళు పిస్టన్ అంటారు. ఎవరు పిలిచినా వస్తుంది. పది నిమిషాలు బడ్డీ కొట్టుకి వెళ్ళొచ్చినా సంక్రాంతికి ఊరెళ్ళొచ్చినా అదే తోక, అదే ఊపు. దాని సర్క్యూట్‌లో కెపాసిటరే లేదని నా థియరీ. ఇది థియరీయే గానీ, జపాన్‌లోని అజాబు యూనివర్సిటీ వాళ్ళు 2015లో 'సైన్స్' పత్రికలో రాసింది మాత్రం కొలిచి చెప్పిన మాట. కుక్క, దాని యజమాని ఎక్కువసేపు ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరిగింది. తల్లీబిడ్డల అనుబంధంలో పనిచేసే హార్మోనే ఇది. మనుషులు పెంచిన తోడేళ్ళలో ఆ పెరుగుదల కనపడలేదు.

సాహితీ క్లబ్ వాళ్ళం కాబట్టి భారతం మాట ఒకటి. ఆదిపర్వంలో జనమేజయుడి తమ్ముళ్ళు ఏ తప్పూ చేయని కుక్కపిల్లని కొడితే, తల్లి సరమ వచ్చి రాజునే నిలదీస్తుంది. చివర్లో ధర్మరాజు వెంట వచ్చిన కుక్కని వదిలి స్వర్గరథం ఎక్కనంటాడు. అంత పెద్ద కథకి అటో కుక్క, ఇటో కుక్క.

ఇంతవరకూ తీపి కబుర్లే చెప్పాను. ఇదే తీరంలో ఏటా చలికాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఇసుకలో గుడ్లు పెడతాయి. ఆ గూళ్ళని తవ్వి తినేవాటిలో వీధికుక్కలూ ఉన్నాయి. అందుకే అటవీశాఖ గుడ్లని ఏరి కంచె వేసిన హేచరీల్లో పొదిగిస్తుంది. మీకు కుక్కలూ తాబేళ్ళూ రెండూ ఇష్టమైతే ఆ కంచెకి కూడా కృతజ్ఞతలు చెప్పుకోవాలి. ఇక రేబిస్. లక్షణాలు మొదలయ్యాక మనిషి బతకడం దాదాపు లేదు. కుక్క కరిస్తే, చివరికి గోరు గీరుకున్నా, పదిహేను నిమిషాలు సబ్బుతో పారే నీళ్ళ కింద కడిగి, ఆ రోజే టీకాకి వెళ్ళాలి. మన బగ్గే కదా అని ఊరుకోకూడదు.

2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు కాలేజీలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోంచి వీధికుక్కల్ని తీసి, సంతాన నియంత్రణ ఆపరేషన్, టీకా అయ్యాక షెల్టర్లలో ఉంచమంది, తిరిగి అక్కడే వదలొద్దంది. కరిపించుకున్న పిల్లల తల్లిదండ్రుల వైపు నుంచి చూస్తే ఆ భయం నిజమైనదే, దాన్ని వెక్కిరించే హక్కు మనకి లేదు. గేటు దగ్గర తోక లేకపోతే మనకి వెలితిగా ఉంటుందన్నదీ నిజమే. నా మటుకు నాకు, విశ్వాసం పరీక్షకొచ్చేది ఇక్కడే అనిపిస్తుంది. బిస్కెట్ వేసి రీల్ తీయడం తేలిక.

ఆపరేషన్ అయిన కుక్కకి చెవి చివర చిన్న కత్తిరింపు ఉంటుంది. మీ గేటు దగ్గరున్నదాని చెవి చూడండి. లేకపోతే కార్పొరేషన్‌కి చెప్పండి. అన్నం పెట్టేవాళ్ళు మెట్ల దగ్గరా, గుమ్మం దగ్గరా, పిల్లలు ఆడేచోటా పెట్టకండి, 2023 నియమాలు చెప్పేదీ అదే. రేపు బండి వచ్చి దాన్ని ఎక్కించుకుంటే, ఏ షెల్టర్‌కో అడిగి రాసుకోండి. మన ఊళ్ళో సిటీ బస్సు వెళ్ళని చోటంటూ పెద్దగా లేదు, ఆదివారం క్లాసులూ ఉండవు.